టీ కణాలకు గ్లూకోజ్ తగ్గించాలంటే మీడియం ఎట్లా కలపాలి?

అనంతపురంలో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నానండీ. గ్లూకోజ్ కరువైతే టీ కణాలు (రోగనిరోధక తెల్ల రక్తకణాలు) ఇంధనం కోసం గ్లుటమిన్ అనే అమైనో ఆమ్లం వైపు ఎంత మళ్లుతాయో చూడాలి. (కరువు గురించి మా జిల్లావాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు లెండి.) చిక్కేమిటంటే, కణాలను పెంచే మామూలు మీడియం (పోషక ద్రవం) అయిన ఆర్‌పీఎంఐ 1640లో గ్లూకోజ్ సుమారు 11 మిల్లీమోలార్. పరగడుపున మన రక్తంలో ఉండేది 5 దరిదాపుల్లోనే. గ్లూకోజ్ లేని మీడియం తెచ్చి 1 మిల్లీమోలార్ కలుపుదామంటే, కణాలు పెరగడానికి కలిపే 10 శాతం సీరమ్‌తోనూ కొంత వచ్చిపడుతుంది. గ్లూకోజ్ లాంటి చిన్న అణువులు తీసేసిన డయలైజ్డ్ సీరమ్ కొనాలంటే ఖరీదు. అది తప్పనిసరా, సీరమ్ శాతం తగ్గిస్తే సరిపోతుందా? ఇంకోటి, ఉత్తేజితమైన కణాలు గ్లూకోజ్‌ను గబగబా తినేస్తాయి కదా, అంత తక్కువ పోస్తే మీడియం ఎన్ని గంటలకొకసారి మార్చాలి? నేను చదివిన పద్ధతులన్నీ ఎలుక కణాలవి, నావేమో మనిషి రక్తంలోవి. ల్యాబులో చేతులారా చేసినవాళ్లు ఎవరన్నా ఉంటే కాస్త చెప్పండి.