తొలి ఆఫ్రికా సఫారీకి కెన్యానా, టాంజానియానా, దక్షిణాఫ్రికానా?

పాలపిట్ట:
వచ్చే ఆగస్టులో అరవై దాటిన అమ్మానాన్నలతో, ఏడేళ్ల పాపతో తొలిసారి ఆఫ్రికా సఫారీకి వెళ్లాలనుకుంటున్నాము. అడిగిన ఏజెంట్లు తలా ఒక దేశం పేరు చెబుతున్నారు. ఒక దేశాన్ని ఎంచుకోవడానికి దేనిని కొలమానంగా తీసుకోవాలో, ఎందుకో తెలిసినవారు వివరించగలరు.

గోదావరిగట్టు:
కొలమానం వన్యప్రాణులే కావాలి. ఆ లెక్కన టాంజానియాకు సాటి లేదు. సెరెంగెటి జాతీయ వనం విస్తీర్ణం 14,763 చదరపు కిలోమీటర్లు కాగా, దానికి ఉత్తరాన కెన్యాలో ఉన్న మసాయి మారా రిజర్వు 1,510 చదరపు కిలోమీటర్లే. పది లక్షలకు పైబడిన విల్డెబీస్టులు (గుంపులుగా వలస వెళ్లే పెద్ద జింకజాతి జంతువులు) ఏడాదిలో ఎక్కువ నెలలు టాంజానియా వైపే ఉంటాయి. ఫిబ్రవరి ప్రాంతంలో దక్షిణాన ఎన్‌డూటు మైదానాల్లో ఈనుతాయి. ఆగస్టులో అవి మారా నదిని దాటే దృశ్యాన్ని సెరెంగెటి ఉత్తర కొసన ఉన్న కొగాతెండె వద్దనే చూడవచ్చు. అక్కడి ఎన్‌గోరొంగోరో అగ్నిపర్వత బిలం అడుగుభాగం దాదాపు 260 చదరపు కిలోమీటర్లే కనుక, పెద్దవాళ్లు ఎక్కువ దూరాలు తిరగకుండానే సింహాలను, ఏనుగులను, అదృష్టం ఉంటే నల్ల ఖడ్గమృగాన్ని ఒకే రోజు చూడగలుగుతారు.

జమ్మిచెట్టు:
గోదావరిగట్టు గారు చెప్పినదానిలో తప్పేమీ లేదు. కానీ సింహాలు, ఏనుగులు ఈ దేశాలన్నిటిలోనూ కనిపిస్తాయి. దేశానికీ దేశానికీ ఉన్న అసలు తేడా ఆ జంతువులు తిరిగే నేల ఎవరిది, మనం చెల్లించే డబ్బు ఎవరికి చేరుతుంది అన్న విషయంలో ఉంది. అందువల్ల నేను కెన్యా వైపు మొగ్గుతాను. అందులోనూ మారా రిజర్వు కంటే దానిని ఆనుకొని ఉన్న కన్జర్వెన్సీలనే, అంటే స్థానికులు వన్యప్రాణుల కోసం కౌలుకిచ్చిన భూములనే సూచిస్తాను.

కారణం కాస్త వివరంగా చెప్పాలి. కెన్యా 1977లోనే వేటను నిషేధించింది. అయినా 1977 నుంచి 2016 వరకు జరిగిన విమాన సర్వేల ప్రకారం అక్కడి పచ్చిక మైదానాల్లో వన్యప్రాణుల సంఖ్య సగటున 68 శాతం పడిపోయింది. సగానికి పైగా జంతువులు జాతీయ వనాల బయట, పశువుల కాపరుల భూముల్లోనే బతుకుతాయి. తన ఆవును సింహం చంపితే నష్టపోయేది కాపరి; ఆ సింహాన్ని చూపించి సంపాదించేది మరొకరు. ఉమ్మడి పచ్చిక భూములను కుటుంబాల వారీగా పంచి పట్టాలు ఇచ్చిన తరువాత, కంచె వేసుకోవడమో గోధుమ సాగుకు కౌలుకివ్వడమో చాలామందికి సహజంగానే లాభసాటిగా తోచింది. ఈ పరిస్థితుల్లో పక్కపక్క పట్టాదారులు తమ భూములను కలిపి సఫారీ శిబిరాలకు కౌలుకు ఇవ్వడం మొదలుపెట్టారు. ఓలారె ఓరోక్ కన్జర్వెన్సీ 2006లో అలా ఏర్పడింది, తరువాత నబోయిషోలో సుమారు 500 మంది పట్టాదారులు కలిశారు. శిబిరం నిండినా నిండకపోయినా ప్రతి నెలా కౌలు చెల్లించాలన్నది ఒప్పందం, బదులుగా వారు కంచెలు వేయరు.

దీని ఫలితం సందర్శకులకు కూడా నేరుగా అనుభవంలోకి వస్తుంది. గుడారాల సంఖ్యకు పరిమితి ఉంటుంది, ఒక సింహం చుట్టూ ఐదు వాహనాలకు మించి నిలవనివ్వరు, రిజర్వులో అనుమతి లేని కాలినడక సఫారీ, రాత్రి సఫారీ ఇక్కడ ఉంటాయి. ఆగస్టులో రిజర్వులోని నదీ తీరాన బారులు తీరిన జీపుల మధ్య నిలబడేందుకు విదేశీ పెద్దలు 2024 నుంచి తలకు రోజుకు 200 డాలర్ల ప్రవేశ రుసుము కడుతున్నారు.

టాంజానియా విషయంలో నన్ను ఆపేది సెరెంగెటిని ఆనుకొని ఉన్న లోలియోండో ప్రాంతం. 2022 జూన్‌లో అక్కడ 1,500 చదరపు కిలోమీటర్ల మేతభూమికి హద్దురాళ్లు పాతి రిజర్వుగా వేరుచేసేటప్పుడు పోలీసులకు, అక్కడి పశువుల కాపరులైన మసాయిలకు మధ్య ఘర్షణ జరిగి, ఎందరో సరిహద్దు దాటి కెన్యాలో తలదాచుకున్నారు. అమ్రాబాద్ అడవిలో చెంచుల పునరావాసం గురించిన వాదోపవాదాలు తెలిసిన మనం దీనిని దూరపు వార్తగా కొట్టిపారేయలేము.

గోదావరిగట్టు:
లోలియోండో గురించి మీ ఆవేదనను గౌరవిస్తాను. అయితే కన్జర్వెన్సీల చిత్రాన్ని మీరు సగమే చూపారు. కౌలు పట్టా ఉన్నవారికే అందుతుంది, ఆ పట్టాలు చాలావరకు మగవారి పేరనే ఉన్నాయి. భూమి దక్కని కుటుంబాలకు వచ్చేది లేదు సరికదా, మేతకు పెట్టిన ఆంక్షలు మాత్రం వారి మందలకూ వర్తిస్తాయి. 2020లో విమానాలు ఆగిపోయినప్పుడు నెలనెలా తప్పక అందుతుందన్న కౌలు కూడా తగ్గింది.

కృష్ణాతీరం:
అడిగినవారి పరిస్థితిని ఇద్దరూ మరచిపోయారు. కెన్యా నుంచి భారత్‌కు తిరిగి వచ్చేవారు ఎల్లో ఫీవర్ టీకా పత్రం చూపాలి, ఆ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కానీ అరవై దాటినవారిలో ఈ టీకాకు తీవ్రమైన దుష్ప్రభావాల ముప్పు ఎక్కువ కనుక ముందుగా వైద్యుని సలహా తీసుకోవడం తప్పనిసరి. పైగా మారాలోనూ సెరెంగెటిలోనూ మలేరియా ఉంది. దక్షిణాఫ్రికాకు నేరుగా వెళ్లివచ్చేవారికి ఆ టీకా అవసరం లేదు. అక్కడి మడిక్వే, పిలానెస్‌బర్గ్ వనాలు మలేరియా లేనివి. చిన్నపిల్లతో వెళ్లేవారికి ఇంతకంటే పెద్ద కారణం మరొకటి ఉండదు.

జమ్మిచెట్టు:
పట్టా లేనివారి విషయంలో గోదావరిగట్టు గారి మాట నిజం, కౌలు ఒప్పందాలు ఆ అన్యాయాన్ని సరిచేయలేదు. అయినా కౌలు లేకపోతే ఆ భూముల్లో మిగిలేది కంచెలే కనుక నా అభిప్రాయం మారలేదు. కెన్యాకే వెళ్లేటట్లయితే, శిబిరం ఏ కన్జర్వెన్సీలో ఉందో, పట్టాదారులకు కౌలు ఎలా అందుతుందో బుకింగుకు ముందే రాతపూర్వకంగా అడగండి. సూటిగా జవాబు చెప్పలేని ఏజెంటుకు డబ్బు కట్టవద్దు.

కృష్ణాతీరం గారి హెచ్చరిక మాత్రం పాలపిట్ట గారి కుటుంబానికి అన్నిటికంటే ముందు వర్తిస్తుంది. అమ్మానాన్నలకు టీకా వద్దని వైద్యులు చెబితే మడిక్వేకే వెళ్లండి. 1991లో నిస్సారమైపోయిన పశువుల పెంపక క్షేత్రాలను కలిపి, వేలాది జంతువులను తెచ్చి వదిలి ఏర్పరచిన వనం అది. అక్కడ కూడా నేను అడిగే ప్రశ్నకు జవాబు ఉంది: బఫెలో రిడ్జ్ అనే లాడ్జి పక్కనే ఉన్న లెక్‌గోఫుంగ్ గ్రామస్థుల సొంత ఆస్తిగా మొదలైంది. గది కోసం మొదట అక్కడే వాకబు చేయమంటాను.