మెక్సికో మాటలో ‘అంత’నా, ‘ఇంత’నా?

ఒంగోలు నుంచి: “పాపం మెక్సికో! దేవుడికి అంత దూరం, అమెరికాకి ఇంత దగ్గర.” ఒకప్పటి మెక్సికో అధ్యక్షుడు పోర్ఫిరియో దియాస్ అన్నాడని చెప్పుకునే మాట. ఎప్పుడో ఏదో పత్రికలో తెలుగులోనే చదివాను. రెండోచోట ‘ఇంత’ అని ఉందో, ‘అంత’ అనే ఉందో ఎంతకీ గుర్తు రావడం లేదు. ఎవరైనా చూశారా?

హనుమకొండ నుంచి: రెండుచోట్లా ‘అంత’ ఉండాలండీ. స్పానిష్‌లో రెండుసార్లూ ‘తాన్’ అనే ఉంది. ఒకే మాట మళ్లీ పడితేనే దెబ్బ తగులుతుంది. అన్నట్టు, దియాస్ అన్నాడనడానికి గట్టి ఆధారం లేదు. నెమెసియో గార్సియా నరాంహో అనే పాత్రికేయుడిదని కూడా అంటారు.

డల్లాస్ నుంచి: ఎవరన్నా గానీ, నా ఓటు ‘ఇంత’కే. ఆ మనిషి మెక్సికోలో నిలబడి మాట్లాడుతున్నాడు. దేవుడు కంటికి ఆననంత దూరం, కాబట్టి ‘అంత’. అమెరికా గుమ్మంలోనే ఉంది, కాబట్టి ‘ఇంత’. మేముండే టెక్సాస్ 1836 దాకా మెక్సికోదే. 1848లో అమెరికాతో చేసుకున్న ఒప్పందంతో కాలిఫోర్నియా కూడా పోయింది.

హనుమకొండ నుంచి: గుమ్మంలో ఉందని ఏడవడమేనా ఆ వాక్యం? నాకలా అనిపించదు. ఆ గుమ్మం పక్కనుండే కదా, 1938 మార్చి 18న అప్పటి అధ్యక్షుడు కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీల ఆస్తులను స్వాధీనం చేసుకున్నాడు! 2019 జనవరిలో అమెరికాని ఆనుకున్న ఉత్తర సరిహద్దు ప్రాంతానికి మాత్రం రోజు కనీస వేతనం 88.36 పెసోల నుంచి 176.72కి, సరిగ్గా రెట్టింపు చేశారు. మిగతా దేశానికి అంత పెంచలేదు. ‘దగ్గర’లో దుఃఖంతో పాటు బేరమూ ఉంది. ఎగుమతుల్లో 80 శాతం పైనే అటు పోతున్నా, అధ్యక్షురాలు క్లాడియా షేన్‌బామ్ సహకారానికి సరే, లొంగుబాటుకి మాత్రం ఒప్పుకోం అని పదే పదే చెబుతోంది చూడండి.

విజయనగరం నుంచి: చమురు మాట వచ్చాక మెక్సికో కవి లోపెస్ వెలార్దేని తలుచుకోకపోతే ఎలా! 1921లో రాసిన కవితలో తన దేశంతో అంటాడు: బాల ఏసు నీకు పశువుల కొట్టం రాసిచ్చాడు, చమురు ఊటలు సైతాను రాసిచ్చాడు అని. మూలంలో ఉన్న క్రియ దస్తావేజు రాసివ్వడమే. మన ‘రాసిచ్చాడు’ ఎంత చక్కగా అతికిందో! అదే ఏడాది, 33 ఏళ్లకే పోయాడు మహానుభావుడు. ఢిల్లీలో మెక్సికో రాయబారిగా ఉండి, 1968లో తన దేశంలో జరిగిన విద్యార్థుల ఊచకోతకి నిరసనగా ఆ పదవి వదిలేసిన కవి ఒక్తావియో పాస్ ఇతని కవిత్వం మీద ప్రేమగా రాశాడు.

డల్లాస్ నుంచి: ‘ఊటలు’ కాదేమో మాస్టారూ, చమురుకి ‘బావులు’ అనాలి.

విజయనగరం నుంచి: వద్దండీ. ‘వెనెరోస్’ అంటే నేలలోంచి తనంత తాను ఊరేది. బావి మనిషి తవ్వేది. సైతాను రాసిచ్చింది తవ్వకముందు ఉన్నదాన్ని.

హనుమకొండ నుంచి: ‘ఊట’ ఒప్పుకున్నాను. ‘ఇంత’ మాత్రం ఒప్పుకోను. అక్కడ రెండుచోట్లా ఉన్నది అదే ‘తాన్’.