షేడ్, షాడో రెండూ నీడేగా, మరి తేడా ఎక్కడ?

కథలపిచ్చి:
తెలుగు కథ ఒకటి ఇంగ్లీషులోకి మారుస్తున్నాను. "చెట్టు నీడలో పడుకున్నాడు" దగ్గర షాడో అని రాస్తే, చూసిపెట్టే ఆవిడ కొట్టేసి షేడ్ చేశారు. సరే కదా అని తర్వాతి భాగంలో "గోడ మీద వాడి నీడ కదిలింది" అన్నచోట షేడ్ రాశాను, దాన్నీ కొట్టేసి షాడో చేశారు! డిక్షనరీలో రెండింటికీ నీడ అనే ఉంది. ఏది ఎక్కడ వాడాలి?

మల్లెపందిరి:
ఎండ తగలని చోటు షేడ్, వస్తువు ఆకారంలో పడే నల్లటి బొమ్మ షాడో. నీడపట్టు అనగలిగితే షేడ్ అని నేను గుర్తుపెట్టుకున్నాను, గోడ మీద కదిలేదాన్ని నీడపట్టు అనం కదా. గ్రహణంలో చంద్రుడి మీద పడే భూమి నీడ కూడా షాడోనే. షాడోని ఒకటి, రెండు అని లెక్కపెట్టొచ్చు, చెట్టు కింది షేడ్‌ని మామూలుగా లెక్కపెట్టరు. రంగుల షేడ్స్ సంగతి వేరనుకోండి.

పాతమాటలు:
అసలివి ఒకప్పుడు ఒకే మాట. పాత ఇంగ్లీషులో కర్తగా వచ్చే రూపం షేడ్ అయింది, విభక్తి చేరితే మారే రూపం షాడో అయింది. మన ఇల్లు, ఇంటి లాగే! ఆ రెండూ విడిపోయి చెరో అర్థం తెచ్చుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. గడ్డిమైదానాన్ని చెప్పే మీడ్, మెడో కూడా ఇలా విడిపోయినవే.

రాతకోతలు:
నీడపట్టు గుర్తు బాగుంది కానీ అన్నిచోట్లా పనిచేయదు. అదే చెట్టు కింద చల్లగా కూర్చుంటే షేడ్, దొంగ నక్కి ఉంటే షాడోస్. "నిలువ నీడ లేదు" అంటే రెండూ కాదు, షెల్టర్. అన్నిటికన్నా పెద్ద గొయ్యి ఇంకోటుంది. "అన్నయ్య నీడలో పెరిగాను" అని మనం కృతజ్ఞతగా చెప్పుకుంటాం, దాన్నే ఇన్ హిజ్ షాడో అని రాస్తే వాడి పేరు ముందు నన్నెవరూ పట్టించుకోలేదు అని ఏడ్చినట్టు ఉంటుంది.

కథలపిచ్చి:
అయ్యో! నా కథ మొదటి వాక్యమే "తాతయ్య నీడలో పెరిగాడు". నేను షాడో అనే రాశాను, ఆవిడ కూడా వదిలేశారు, ఇంగ్లీషుగా చూస్తే తప్పేం లేదుగా మరి. అయితే ఏం పెట్టాలి?

రాతకోతలు:
నీడని వదిలేయండి. అండర్ హిజ్ గ్రాండ్‌ఫాదర్స్ కేర్ అంటే సరిపోతుంది, కాస్త చప్పగా ఉన్నా తాతగారి పరువు నిలుస్తుంది.