ఫుషిమి ఇనారి ద్వారాల మీద కంపెనీ పేర్లు: మొక్కా, ప్రచారమా?

నల్లమల బాటసారి: పోయిన నెల క్యోటోలో ఈ గుడికి వెళ్ళాం. సిందూరం రంగు తోరీ ద్వారాల కింద కొండెక్కుతున్నంతసేపూ ఒళ్ళు పులకరించింది. దిగుతూ చూస్తే స్తంభాల వెనకవైపు నిండా నల్లటి అక్షరాలు. ఫోన్ పెట్టి చదివిస్తే అన్నీ కంపెనీల పేర్లూ, తేదీలూ! 711లో వెలసిందని చెప్పే షింటో (జపాన్ సొంత మతం) క్షేత్రంలో ఇదేం గోలండీ?

అల్లం టీ: మన గుళ్ళో ట్యూబులైటు మీద దాత పేరు రాస్తే వెలుతురు సగం ఆ పేరే మింగేస్తుంది. అది మీకెప్పుడూ అడ్డం రాలేదా? ఇనారి అసలు వరిపంట దేవత. తర్వాత వ్యాపారులూ కొలిచారు. ద్వారం మొక్కుకోవడం ఎడో కాలం (1603–1868) నుంచీ ఉన్నదే.

ఒసాకా ఉద్యోగి: అక్కడ టికెట్ లేదు, రాత్రుళ్ళు కూడా కొండ ఎక్కొచ్చు. అవి చెక్క స్తంభాలు. అడుగున నల్లరంగు వేసి ఉంటుంది చూడండి, ముందు పుచ్చేది అక్కడే. పాతది తీసి కొత్తది నిలబెట్టాలంటే డబ్బెక్కడిది? పైగా ఎక్కేటప్పుడు ఒక్క పేరూ కనబడదు కదా.

నల్లమల బాటసారి: టోక్యోలో మెయిజీ జింగూ చూడండి. 1920 నాటి ఆ గుడికి దేశం నలుమూలల నుంచి జనం దాదాపు లక్ష చెట్లు ఇచ్చారు. ఇప్పుడది అడవి. నడుస్తుంటే చెట్లే తప్ప దాతలు కనబడరు. దానమంటే అదీ.

అల్లం టీ: ఆ అడవి దారిలోనే సాకే (బియ్యపు సారా) పీపాలు గోడలా పేర్చి ఉంటాయి, కంపెనీ గుర్తులతో సహా. ఎదురుగా ఫ్రాన్స్ వైన్ పీపాలు. కళ్ళు మూసుకుని నడిచారా గురువుగారూ?

కొండగాలి: ఇద్దరూ కొండ కిందే ఆగిపోయారు. ఇనారి కొండ 233 మీటర్లే, కానీ చాలామంది సగంలోనే వెనక్కి తిరుగుతారు. పైన వేలకొద్దీ చిన్న చిన్న రాళ్ళు, ఎవరు కొలిచే దేవుడి పేరు వాళ్ళు చెక్కించుకున్నవి. వాటికి ఆనించి జానెడు బొమ్మ ద్వారాలు, వానకి రంగు వెలిసినవి. అవి కొనడానికి కంపెనీ అక్కర్లేదు.

నల్లమల బాటసారి: ఆ బొమ్మ ద్వారాలకి నేనూ దణ్ణం పెడతాను. దారి మీద నిలబెట్టే ద్వారాలకి సైజు పెరిగేకొద్దీ రేటు పెరగడం, వాటిలో చిన్నదానికే లక్షల యెన్లు అడగడం మాత్రం నాకు మింగుడుపడదు.

ఒసాకా ఉద్యోగి: పెద్ద స్తంభానికి కలప ఎక్కువ పడుతుందండీ!