ముత్యాల సరం చదివించడానికి ఛందస్సు కావాలా, వద్దా?

నాగావళి (రాయగడ):
ఆదివారం పూట మా వీధి పిల్లలకు తెలుగు కవిత్వం చదివిస్తున్నాను. అందరూ ఒడియా మాధ్యమంలో తొమ్మిది, పది చదువుతున్నవాళ్లు. ఇంట్లో తెలుగు ధారాళంగా మాట్లాడతారు కాని, పుస్తకం తెరిస్తే ఒత్తుల దగ్గర ఆగిపోతారు. ఇలాంటి పిల్లల ముందు గురులఘువులు (బరువు, తేలిక అక్షరాల లెక్క), యతిప్రాసలు (పాదాల్లో అక్షరాలు కలిపే నియమాలు) పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం. కవి ఎవరితో మాట్లాడుతున్నాడు, ఏ బాధతో, ఏ కోపంతో మాట్లాడుతున్నాడు అన్నది వాళ్లకు అందితే చాలు. కొందరు తల్లిదండ్రులు మాత్రం గణాలు, అంటే ఆ గురులఘువుల గుంపులు, రాని చదువు తెలుగు చదువే కాదంటున్నారు. వచ్చే వారం గురజాడ 'ముత్యాల సరాలు' మొదలుపెడుతున్నాను. ఛందస్సు ఊసే ఎత్తకూడదనుకుంటున్నాను. మీరేమంటారు?

వంశధార (గుణుపురం):
నాగావళి గారూ, తల్లిదండ్రుల మాటలో నిజం ఉంది. గణాలు వదిలేస్తే మీ పిల్లలకు పోతన ఎప్పటికీ సగమే దొరుకుతాడు. గజేంద్ర మోక్షంలోని 'ఎవ్వనిచే జనించు జగమెవ్వనిలోపల నుండు లీనమై' తీసుకోండి. అది ఉత్పలమాల అనే ఛందస్సు. ప్రతి పాదంలో రెండో అక్షరం ప్రాస, అంటే నాలుగు చోట్లా 'వ్వ' రావాలి. ఆ నిర్బంధాన్ని పోతన తన ప్రశ్నకే ఇల్లుగా చేసుకున్నాడు. 'మూలకారణంబెవ్వడు' అనే మాట మధ్యకు విరిగి, మూడో పాదం 'బెవ్వడు' అని మొదలవుతుంది. 'వాడెవ్వడు' కూడా అలాగే విరిగి నాలుగో పాదానికి 'డెవ్వడు' అని మొదలు ఇస్తుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జత కుదరాల్సిన అక్షరం, పడేది పదో చోట. ఒకటో పాదంలో, మూడో పాదంలో అక్కడా 'ఎవ్వడు' తాలూకు అక్షరమే. మొసలి పట్టులో ఉన్న ప్రాణి అడిగే ప్రశ్న పాదం చివర కూడా ఆగడం లేదు. అర్థం చెప్పి ఊరుకుంటే 'దేవుణ్ణి పిలిచాడు' అన్న ఒక్క ముక్క మిగులుతుంది. ఆ పిలుపులోని ఊపిరాడనితనం ఛందస్సులో ఉంది.

నాగావళి (రాయగడ):
పోతన విషయంలో మీతో వాదించను. నా ప్రశ్న గురజాడ గురించి. ఆయనే 'కొయ్యబొమ్మల మెచ్చు కళ్లకు కోమలుల సౌరెక్కునా' అని పాత రుచిని ముఖం మీదే అడిగాడు కదా! యతిప్రాసల నియమం లేని 'ముత్యాల సరం' అనే ఛందస్సును కావాలనే తయారుచేసుకున్న కవిని మళ్లీ గణాల బల్ల మీద పడుకోబెట్టడం ఎందుకు?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
ఈ చర్చ మా ఊరివాళ్లు చూస్తూ ఊరుకోలేనిది. గురజాడతో కలిసి విజయనగరంలో చదువుకున్న గిడుగు రామమూర్తి గారు 1880లో ఉపాధ్యాయుడిగా వచ్చింది మా పర్లాకిమిడికే. వాడుక భాష కోసం ఆయన పోరాడింది ఇక్కడ ఉంటూనే. 1936 ఏప్రిల్ 1న ఈ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు, ఆ రోజే ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. కొత్త తెలుగు అంటే పాతదాన్ని ఎరగనివాళ్ల తెలుగు అనుకుంటే ఆ ఇద్దరికీ అన్యాయం చేసినట్టే. ఇద్దరూ పాత సాహిత్యం క్షుణ్ణంగా చదివాకే మార్పు అడిగారు.

ఇక పద్యం చూద్దాం.

గుత్తునా ముత్యాల సరములు
కూర్చుకొని తేటైన మాటల
కొత్త పాతల మేలు కలయిక
క్రొమ్మెరుంగులు జిమ్మగా

మాత్ర అంటే లఘువు పలికే కాలం, గురువుకు రెండు మాత్రలు. 'గుత్తు' మూడు మాత్రలు, 'నాము' నాలుగు, 'త్యాల' మూడు, 'సరములు' నాలుగు. మొదటి మూడు పాదాలూ ఇదే నడక, పద్నాలుగేసి మాత్రలు. నాలుగోది పన్నెండు దగ్గర ఆగుతుంది. ఇప్పుడు రెండేసి పాదాలు కలిపి ఒకే గుక్కలో చదవండి. పాత లాక్షణికులు (ఛందస్సు నియమాలు రాసినవాళ్లు) వృషభగతి రగడ అన్నది ఇదే: మూడు, నాలుగు మాత్రల జంటలు పాదానికి నాలుగు. రగడలో మూడో జంట మొదట యతి పడాలి. ముత్యాల సరంలో ఆ చోటు ఎక్కడికి వస్తుంది? సరిగ్గా రెండో పాదం మొదటికి, నాలుగో పాదం మొదటికి. అక్కడ ఏముందో వినండి: గు–కూ, కొ–క్రొ. తర్వాతి చరణంలో 'మెచ్చనంటావీవు నీవిక / మెచ్చకుంటే మించిపాయెను' దగ్గర మె–మె. మీరు ఉదాహరించిన కొయ్యబొమ్మల దగ్గర కొ–కో. అంటే, కొయ్యబొమ్మలను మెచ్చే కళ్లను నిలదీస్తున్న వాక్యంలోనే ఆయన యతి మైత్రిని తప్పకుండా పాటించాడు. 'మెచ్చకుంటే మించిపాయెను' ఇంట్లో అలిగి అనుకునే మాట. ఆ మాటను రగడ నడకలో, యతి చెడకుండా కూర్చడమే ఆయన చెప్పిన కొత్తపాతల మేలు కలయిక. ఛందస్సు ఊసెత్తకపోతే పిల్లలకు 'కొత్త' ఒక్కటే కనిపిస్తుంది. కవి తన మొదటి చరణంలోనే చెప్పుకున్న సంగతి వాళ్లకు అందదు.

ఋషికుల్య (బరంపురం):
చక్కగా చూపించారు. అయినా రెండు చరణాలతో అంత దూరం వెళ్లకండి. అదే నడకలో రాసిన 'దేశమును ప్రేమించుమన్నా / మంచి అన్నది పెంచుమన్నా' సంగతి ఏమిటి? దే–మం కలవవు. 'వొట్టి మాటలు కట్టిపెట్టోయ్ / గట్టి మేల్ తలపెట్టవోయ్', ఇక్కడ వొ–గ కలవవు. అవసరమైన చోట యతిని నిస్సంకోచంగా వదిలాడు. కాబట్టి ముందు కవి స్వేచ్ఛను చూపించాలి, తర్వాతే నియమాన్ని.

ఇంకో మాట. మన పిల్లలు తెలుగు కవిత్వంతో పాటు రేపు కొలతల్లేని వచన కవిత కూడా చదవాలి. కుందుర్తి ఆంజనేయులు కవితకు గణవిభజన చేసి ఏం సాధిస్తారు? అక్కడ చూడవలసింది పంక్తి ఎక్కడ విరిగింది, ఏ మాటను తర్వాతి పంక్తికి నెట్టాడు, ఏ చిత్రం రెండోసారి వచ్చింది అన్నవి. కొలతలతో మొదలుపెట్టిన పిల్లవాడు, కొలత దొరకని కవితను చూసి 'ఇది కవిత్వం కాదు' అనేస్తాడు. ఆ మాట పెద్దవాళ్ల నోట కూడా విన్నాను, ప్రతిసారీ బాధ కలిగింది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మీరు ఎత్తిన పాదాలనే మళ్లీ బయటికి చదవండి. వొట్టి, కట్టి, పెట్టోయ్, గట్టి, పెట్టవోయ్: యతి పోయిన చోటును 'ట్ట' నింపింది. పై రెండు పాదాల్లో 'ప్రేమించు, మంచి, పెంచు' అంతే. యతి స్థానంలో ప్రాస కలపడం మన దేశి ఛందస్సుకు కొత్త కాదు, ఆటవెలదిలో ప్రాసయతి ఉంది కదా. అన్ని చరణాల్లో ఇలాగే ఉంటుందని నేను అనను. వదిలిన చోట ఎందుకు వదిలాడో అడగాలన్నా, అది ఏ చోటో ముందు చెవికి తెలియాలి. ఇక వచన కవిత సంగతి: పంక్తి విరుపు ఏం చేస్తుందో చెప్పడానికి వంశధార గారు చూపిన 'మూలకారణం / బెవ్వడు' కంటే మంచి పాఠం ఏముంది?

ఋషికుల్య (బరంపురం):
విరుపు గురించి ఒప్పుకుంటాను. పోతన దగ్గర పాదం విరిగినా మాట పరుగెడుతుంది. వచన కవితలో విరిగిన చోట చదివేవాడు ఆగుతాడు. ఆ తేడా చెబితే రెండూ అర్థమవుతాయి.

నాగావళి గారికి ఒక సూచన. మీ పిల్లలు ఒడియా పాఠాల్లో ఉపేంద్ర భంజ పేరు వినే ఉంటారు, మా గంజాం జిల్లా కవి. ఆయన 'వైదేహీశ విలాస' కావ్యంలో ప్రతి పాదమూ ఒడియాలో 'బ' శబ్దంతోనే మొదలవుతుంది. పాదం మొదటి అక్షరం మీద చెవి పెట్టడం వాళ్లకు ఆ భాషలో తెలిసే ఉంటుంది. అక్కడి నుంచి గు–కూ, కొ–క్రొ దగ్గరికి తీసుకురండి. అప్పుడు యతి అన్నది బయటి నుంచి వచ్చిపడిన శిక్షలా అనిపించదు.

నాగావళి (రాయగడ):
ఇది నాకు పనికివచ్చే మాట. మూడు, నాలుగు అని చప్పట్లతో నడక పట్టిస్తాను. ఒత్తుల దగ్గర ఆగేవాళ్లకు ఆ తాళమే సాయం చేస్తుందేమో చూడాలి, ఎందుకంటే 'ముత్యాల'లో 'ము' బరువుగా పలకకపోతే తాళం తప్పుతుంది. పాదం మొదట ఏ శబ్దం వినిపించిందో వాళ్లనే చెప్పమంటాను. కాని గురువు, లఘువు గుర్తులు పలక మీద వేయించను. తోకచుక్కను లోకం అపశకునమంటుంటే, సంఘ సంస్కరణ ప్రయాణానికి పతాక అన్న మనిషి కథ ఈ కవిత. 1910లో ఆకాశంలో హేలీ తోకచుక్క కనిపించిన ఏడాది అలా అనడానికి ఎంత గుండె కావాలో పిల్లలు మాట్లాడుకోవాలి. గుర్తులు వేస్తూ కూర్చుంటే ఆ గంట అక్కడికే సరిపోతుంది.

వంశధార (గుణుపురం):
చప్పట్లు ముత్యాల సరానికి సరిపోతాయి, ఉత్పలమాలకు చాలవు. దానిలో తాళం లేదు, గణాల వరుస ఉంది. ఎప్పుడో ఒకప్పుడు మీ పిల్లలు పోతన దగ్గరికి రావాలి, ఆ రోజు పలక కావాలి. తోకచుక్క పాఠం ముందు కానివ్వండి. ఆ తర్వాత 'ఎవ్వనిచే' ఒక్క పద్యానికి ఒక ఆదివారం ఇవ్వండి. రాయగడ రైలెక్కి నేనే వస్తాను.