పెళ్లి ఫొటోగ్రఫీకి కస్టమర్‌తో అగ్రిమెంట్, గూగుల్ డాక్స్‌లో ఎలా రాస్తున్నారు?

బ్రాడీపేట_కెమెరా:
అందరికీ నమస్తే అండి. మాది గుంటూరు, నేనూ మా తమ్ముడూ ఇంకో ఇద్దరు కుర్రాళ్లం కలిసి పెళ్లిళ్లకి ఫొటో వీడియో చేస్తాం. ఇన్నాళ్లూ వాట్సాప్‌లో రేటు మాట్లాడుకుని అడ్వాన్స్ వేయించుకుంటే బుకింగ్ అయిపోయినట్టే, ఇప్పుడలా నడవట్లేదు. మొన్న శ్రావణంలో ఒక పెళ్లికి ఆల్బమ్ అంటే మేము ఒకటనుకున్నాం, వాళ్లేమో అమ్మాయి వాళ్లకొకటి అబ్బాయి వాళ్లకొకటి అనుకున్నారంట, బ్యాలెన్స్ ఇంకా రాలేదు. నెట్‌లో దొరికిన ఇంగ్లీష్ టెంప్లేట్ డాక్స్‌లో పెట్టి పేర్లు మార్చి పంపితే ఎవరూ చదవట్లేదు, ఒకాయనైతే ఇదేంటయ్యా కోర్టు నోటీసులా ఉంది అన్నారు. కస్టమర్ భయపడకుండా, రేపు గొడవ రాకుండా ఏం రాయాలి? లింక్ పంపాలా పీడీఎఫ్ పంపాలా?

గవర్నర్‌పేట_స్టూడియో:
అన్నా ముందు ఆ ఇంగ్లీష్‌ది తీసెయ్. డబ్బులిచ్చేది అమ్మాయి నాన్నగారు, ఆయనకి అర్థమయ్యే తెలుగులో రాయి. పైనే ఒక టేబుల్ పెట్టు, పెళ్లికూతుర్ని చేయడం, పెళ్లి, రిసెప్షన్, వ్రతం, ఒక్కోదానికి ఎక్కడ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, కెమెరాలు ఎన్ని, డ్రోన్ ఉందా లేదా. టైమ్ దగ్గర చాలా జాగ్రత్త, ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే శుభలేఖలో "గురువారం రాత్రి తెల్లవారితే శుక్రవారం" అని వేస్తారు కదా, నువ్వు అగ్రిమెంట్‌లో శుక్రవారం అని ఒక్క ముక్క రాశావంటే ఆ రాత్రికి మనవాళ్లు ఇంట్లో పడుకునుంటారు. "గురువారం రాత్రి 8 నుంచి శుక్రవారం ఉదయం 6 వరకు" అని రెండు తేదీలతో విడమర్చి రాయి.

ఆల్బమ్‌కి సైజు, షీట్లు ఎన్ని, కాపీలు ఎన్ని, ఎక్స్‌ట్రా షీటుకి ఎంత. ఇంకోటి, ఫొటోలు సెలెక్ట్ చేసి ఇవ్వాల్సింది వాళ్లే, ఎన్ని రోజుల్లో ఇవ్వాలో రాయకపోతే ఏడాదైనా ఇవ్వరు, ఆల్బమ్ లేట్ అన్న మాట మాత్రం మనకి. రా డేటా, అంటే ఎడిట్ చేయని అసలు ఫొటోలు వీడియోలు, మన దగ్గర ఎన్ని నెలలు ఉంచుతామో కూడా వేసుకో.

అరండల్‌పేట_లాయర్:
చట్టం సంగతి నేను చెప్తానండి. 1872 కాంట్రాక్ట్ చట్టం ప్రకారం నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, ఆన్‌లైన్‌లో కుదిరినంత మాత్రాన చెల్లదనడానికి లేదని ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 10ఏ సెక్షన్ చెప్తోంది. ఇబ్బందల్లా రుజువు దగ్గరే. "అడ్వాన్స్ ఎట్టి పరిస్థితుల్లో వాపసు ఇవ్వబడదు" అని లావు అక్షరాలతో రాస్తున్నారు, అది రాసినంత మాత్రాన కోర్టులో నిలబడుతుందని అనుకోకండి, కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ కింద సమంజసమైన నష్టపరిహారం వరకే. దానికన్నా మైల వచ్చి పెళ్లి వాయిదా పడితే అడ్వాన్స్ కొత్త తేదీకి సర్దుతారా, ఆ రోజు మీకు వేరే బుకింగ్ ఉంటే ఏం చేస్తారు, అది రాసుకోండి. మన దగ్గర నిజంగా జరిగేది అదే కదా.

ఇంకొకటి చాలామందికి తెలియదు. డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా తీసిన ఫొటోకి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఉంది. ఇన్‌స్టాలో పెట్టుకోవాలంటే ఆ పర్మిషన్‌ని విడిగా ఒక లైనుగా రాసి, అవును కాదు అని వాళ్లచేతే పెట్టించండి. ఆడపిల్ల ఫొటోలు, అడక్కుండా పెట్టడం పద్ధతి కూడా కాదు.

డాక్స్_పటమట:
లింకా పీడీఎఫ్ఫా అంటే రెండూ బ్రో, ముందు లింక్ తర్వాత పీడీఎఫ్. ఒక మాస్టర్ ఫైల్ పెట్టుకుని ప్రతి కస్టమర్‌కి మేక్ ఎ కాపీ కొట్టు, మారే చోట్లన్నీ పసుపు హైలైట్‌లో పెట్టుకుంటే పాత కస్టమర్ పేరో రేటో మిగిలిపోదు. షేర్ చేసేటప్పుడు వాళ్లకి నేరుగా మార్చగలిగే ఎడిటర్ యాక్సెస్ ఇవ్వకు, కామెంటర్ చాలు, వాళ్లు మార్చమన్నది సజెషన్‌గా పడుతుంది, నువ్వు ఒప్పుకుంటేనే మారుతుంది. బేరం అంతా అక్కడే అవ్వనీ, ఫోన్‌లో మాట్లాడుకున్నా వచ్చి అందులో రాసేయ్. ఖరారయ్యాక వెర్షన్ హిస్టరీలో (ఫైల్‌లో చేసిన మార్పులన్నీ కనిపించే చోట) ఆ వెర్షన్‌కి పేరు పెట్టి, పీడీఎఫ్ దించి మెయిల్ చేసి "చదివాం, ఒప్పుకుంటున్నాం" అని జవాబు తెప్పించుకో. లింక్ మాత్రం ఎవరికైనా తెరుచుకునేలా వదలొద్దు, ఒకరి రేటు ఇంకొకరు చూస్తే అదో తంటా.

బ్రాడీపేట_కెమెరా:
చాలా థాంక్స్ అండి అందరికీ, టేబుల్ ఇవాళే మొదలుపెడతా. లాయర్ గారూ ఒక్క డౌట్, మాట్లాడేది అమ్మాయి, అడ్వాన్స్ వేసేది వాళ్ల నాన్నగారు, పెళ్లిరోజు అది తియ్యి ఇది తియ్యి అనేది మేనమామ. సంతకం ఎవరిది?

అరండల్‌పేట_లాయర్:
డబ్బు కట్టే నాన్నగారిది. అమ్మాయి మేజరే కాబట్టి ఆవిడ సంతకం కూడా తీసుకోండి, ఇన్‌స్టా లైను దగ్గర మాత్రం అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ ఒప్పుకోవాలి. ఎక్స్‌ట్రా పని ఎవరు చెప్తే చెల్లుతుందో ఒక పేరు, ఒక వాట్సాప్ నంబరు రాయండి, మేనమామ గారు ఏదైనా అడిగితే ఆ నంబరుకి రేటు మెసేజ్ పెట్టి, సరే అన్నాకే మొదలుపెట్టండి.