షమ్స్ అనని మాటలు షమ్స్ నోట పెట్టవచ్చా?

మూడో పేజీ:
ఎలిఫ్ షఫక్ నవల ‘ది ఫార్టీ రూల్స్ ఆఫ్ లవ్’ ఇప్పుడే ముగించాను. అమెరికాలో ఎల్లా అనే గృహిణి ఒక నవల రాతప్రతి చదువుతూ, దాన్ని రాసిన అజీజ్‌ను ప్రేమిస్తుంది. ఆ రాతప్రతి నిండా 13వ శతాబ్దపు కొన్యా (ఇప్పటి టర్కీలోని ఊరు), సూఫీ కవి రూమీ, ఆయన బతుకును తలకిందులు చేసిన సూఫీ గురువు షమ్స్ తబ్రీజీ. ఆపకుండా చదివిస్తుంది, కాదనను. కానీ షమ్స్ చెప్పినట్టుగా వచ్చే ఆ నలభై సూత్రాలూ రచయిత్రి కల్పనే. ఇప్పుడవి నిజంగా ఆయన సూక్తులుగానే చెలామణి అవుతున్నాయి. ఇది సబబేనా?

వెన్నెల చదువరి:
నవలను నవలగా చదవాలండీ. సూక్తి కింద షమ్స్ పేరు పెట్టి పంపేవాళ్ల తప్పు రచయిత్రి మీద వేస్తే ఎలా? రూమీ, షమ్స్ కలిసింది 1244లో. మూడు నాలుగేళ్లకే షమ్స్ కనబడకుండా పోయాడు. చంపేశారా, ఊరు విడిచి వెళ్లాడా అన్నది ఇప్పటికీ తేలలేదు. అలాంటి చోట కల్పన తప్పదు.

మూడో పేజీ:
ఆయన ఏమయ్యాడో తెలియదు సరే, ఏం మాట్లాడాడో తెలుసు కదా! విన్నవాళ్లు రాసిపెట్టిన ఆయన మాటలు ‘మకాలాత్’ పేరుతో నిలిచి ఉన్నాయి. విలియం చిట్టిక్ 2004లో వాటిలో చాలా భాగం ఇంగ్లీషులోకి తెచ్చారు. ఆ షమ్స్ కటువైన మనిషి. కోపిష్టి. ప్రవక్త బాటను అనుసరించాలని పట్టుబట్టేవాడు. నవలలో ఆ గరుకుదనం చాలావరకు పోయింది, ఎవరికైనా నచ్చే గురువు మిగిలాడు. నాకు బాధ అక్కడే.

నిశాచరి:
మరీ అంత మెత్తగానేం చూపలేదు. నవలలో కిమియా అనే అమ్మాయిని పెళ్లాడి దగ్గరికి రానివ్వడు, ఆ పిల్ల కుంగిపోయి చనిపోతుంది. ఆ పేజీల్లో షమ్స్ మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. ఇంకో మాట. రూమీ చేసిందేమిటి? మన పంచతంత్రంలోని సింహం, కుందేలు కథ, పంచతంత్రానికి అరబీ రూపమైన ‘కలీలా వ దిమ్నా’ ద్వారా ఆయనకు చేరింది. దాన్ని తన దీర్ఘకావ్యం ‘మస్నవీ’ మొదటి సంపుటంలో తన బోధకు కావలసినట్టు మలుచుకున్నాడు. ఆయనకు చెల్లింది ఈవిడకెందుకు చెల్లదు?

మూడో పేజీ:
కిమియా సంగతి మీరన్నది నిజమే, నవలలో నన్నూ కదిలించిన భాగం అదే. కానీ ఆ సింహం, కుందేలు కథలో పుట్టినవి. షమ్స్ బతికిన మనిషి, ఆయన మాట దొరుకుతోంది. నవల నచ్చినవాళ్లు తర్వాత చిట్టిక్ పుస్తకం ‘మీ అండ్ రూమీ’ కూడా చదవండి. అప్పుడు ఆ సూత్రాల్లో ఏవి షమ్స్ అనగలిగినవో, ఏవి అననే అనడో మీరే చెప్పండి, ఒక్కొక్కటిగా మాట్లాడుకుందాం.